వంకలు దాటితే బయలు

మీరు గమనించారో లేదో, తెలుగులో ‘వంక’ అన్న చిన్న మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. దారిలోని వంపు వంక. కొండ మీదినుంచి జారివచ్చే సన్నని ఏరూ వంకే. పక్కవారిలో మనం వెతికే లోపం వంక. చేయవలసిన పని చేయకుండా తప్పించుకోవడానికి చెప్పే సాకు కూడా వంకే. మొదటి రెండు వంకలను ప్రకృతి కల్పించింది. తక్కిన రెండూ మన స్వయంకృతాలు.

ఈ నాలుగు వంకలనూ ఒకే ప్రయాణంలో చూడాలంటే విశాఖపట్నం నుంచి పాడేరు మీదుగా పెదబయలు వెళ్లాలి. మాడుగుల దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మలుపు వెంట మలుపు. దారిలో మోదకొండమ్మ తల్లి పాదాల దగ్గర వాహనాలు ఆగుతాయి. డ్రైవర్లు దిగి దండం పెట్టుకుని మళ్లీ బయలుదేరతారు. పాడేరు దాటి, వాగులూ వంకలూ గడిచి వెళితే, ఒడిశా సరిహద్దున ఉన్న మండలం పెదబయలు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. పేరులోనే ఉంది దాని అందం. బయలు అంటే అడ్డులేని చోటు. దాచుకోవడానికి చాటు లేని చోటు. వంకలన్నీ దాటినవారికే బయలు కనబడుతుంది. మన్యం దారి చెప్పే ఈ చిన్న మాటే ఈ వారం మన చింతన.

ఉత్తి చేతుల వేటగాళ్లు

చైత్రమాసంలో మన్యంలోని గిరిజన గూడేలు ఇటుకల పండుగ చేసుకుంటాయి. విత్తనాలను దేవత ముందుంచి పూజించి, ఆ పూజ అందుకున్న గింజలనే పొలంలో చల్లడం ఈ పండుగలోని ప్రధాన భాగం. నేలను నమ్ముకున్నవారి కృతజ్ఞత అది. థింసా నృత్యాలతో ఊళ్లు మారుమోగుతాయి.

ఈ పండుగలో మరో ఆచారం ఉంది. మగవారు కలిసి అడవికి వేటకు వెళ్లేవారు. వేట దొరికితే ఊరంతా సంబరం. ఉత్తి చేతులతో తిరిగి వచ్చారా, ఆడవారు పేడనీళ్లు చల్లి, పాటలు కట్టి, ఆటపట్టించి మరీ ఊళ్లోకి రానిచ్చేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అడవిలో వేట నిషిద్ధమైంది, అది మంచిదే. కానీ ఆ పరిహాసంలోని నీతి మాత్రం పాతబడలేదు.

ఆ సన్నివేశాన్ని ఒక్కసారి ఊహించుకోండి. విల్లంబులు భుజాన వేసుకుని దర్పంగా బయలుదేరిన వీరులు తలవంచుకుని వస్తున్నారు. ఒకరికి గాలి ఎదురు తిరిగిందట. మరొకరికి పక్కవాడు దగ్గి జంతువును బెదరగొట్టాడట. ఇంకొకరి గురి సరిగ్గానే ఉందట, బాణమే వంకర పోయిందట! ‘ఆడలేక మద్దెల ఓడు’ అని మైదానంలో మనం అనుకునేదే అక్కడ అడవిలోనూ జరుగుతుంది. తేడా ఒక్కటే. మన సాకులకు మనవారు తల ఊపుతారు, వారి సాకులకు వారి ఆడవారు పేడనీళ్లు పోస్తారు. అందరూ నవ్వుకుంటారు. ఆ నవ్వుతో ఓటమి కడిగినట్టు పోతుంది. నవ్వులో కడిగేసుకున్న వైఫల్యం మర్నాటికి మిగలదు. సాకులో మూటకట్టి దాచుకున్న వైఫల్యం మాత్రం ఏళ్ల తరబడి బరువై వేధిస్తుంది.

భక్తుల ఇంటి సాకులు

ఇక మన ఇళ్లకు వద్దాం. కోపగించుకోకుండా చదవండి, ఈ జాబితాలో రాస్తున్నవాడూ ఉన్నాడు.

కార్తికంలో తెల్లవారుజామున స్నానం అనగానే జలుబు గుర్తుకు వస్తుంది. గుడి మెట్లు ఎక్కడానికి సహకరించని మోకాళ్లు, పట్టుచీరల దుకాణం మెట్లు మాత్రం మారు మాట్లాడకుండా ఎక్కుతాయి. పారాయణకు చాలని సమయం సీరియల్‌కు సరిగ్గా సరిపోతుంది. మొక్కు తీర్చుకోవడానికి పిల్లల పరీక్షలు అడ్డం వస్తాయి. పరీక్షలు కాగానే ఎండలు, ఎండలు పోగానే వానలు, వానలు తగ్గగానే మళ్లీ బడులు. ‘వంక లేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చింద’న్న సామెత ఊరికే పుట్టలేదు.

వీటన్నింటినీ మించిన సాకు ఒకటుంది. అది భక్తి వేషంలో వస్తుంది కనుక ఎవరూ కాదనలేరు. ‘స్వామి పిలవనిదే మనం వెళ్లగలమా? ఇంకా పిలుపు రాలేదు’ అంటాం. మన బద్ధకాన్ని కూడా భగవంతుని ఖాతాలోనే రాసేస్తాం. ఆయన ఎదురు చెప్పడు కదా!

ఎందుకిలా చేస్తాం? లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో ప్రకటించిన సిద్ధాంతం దీనికి సమాధానం చెబుతుంది. మన నమ్మకం ఒకటి, నడత మరొకటి అయినప్పుడు లోపల ఒక అశాంతి బయలుదేరుతుంది. ‘నేను మంచి కొడుకును’ అన్నది నమ్మకం. ‘తల్లిని చూడడానికి వెళ్లలేదు’ అన్నది నడత. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. నడత మార్చుకోవడం కష్టం, మాట మార్చడం సులువు. అందుకే ‘సెలవు దొరకలేదు’ అన్న వంతెన వేస్తాం. అశాంతి ఆ పూటకు అణగుతుంది. అంటే సాకు ఎదుటివారికి చెప్పేది కాదన్నమాట. మొదటి శ్రోత మన మనస్సే. దాన్ని నమ్మించాకే పైకి చెబుతాం.

అణగిన అశాంతి ఎక్కడికీ పోదు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే మరిద్దరు శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించిన పరిశోధనలో ఒక విషయం తేల్చారు. తక్షణం మనను ఎక్కువగా బాధించేవి చేసిన పొరపాట్లు. కాలం గడిచేకొద్దీ ఎక్కువగా బాధించేవి చేయకుండా వదిలేసిన పనులు. చేసిన తప్పుకు ఒక హద్దు ఉంటుంది. చేయని మంచికి హద్దు లేదు. ‘వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో’ అని మనసు రోజూ కొత్తగా ఊహిస్తూనే ఉంటుంది. ఆనాడు ఎంతో సహేతుకంగా తోచిన సాకు, ఆ ఊహ ముందు వెలవెలబోతుంది.

ధర్మరాజు దిగిన నాలుగు అంగుళాలు

మన పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. మహాభారతంలో ద్రోణపర్వం గుర్తు చేసుకోండి. అశ్వత్థామ మరణించాడన్న మాటను ధర్మరాజు ద్రోణుడికి వినబడేలా పలికాడు. ఏనుగు అన్న మాటను వినబడకుండా పలికాడు. అబద్ధమాడలేదని తన మనసుకు చెప్పుకోవడానికి ఆ గొణుగుడు చాలింది. కానీ అప్పటివరకు భూమికి నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగింది. ఎవరి చెవిని మోసగించినా రథచక్రాన్ని మోసగించడం సాధ్యం కాలేదు.

కథ అక్కడితో ముగియలేదు. స్వర్గారోహణ పర్వంలో ఆ మహానుభావుడికి కాసేపు నరకదర్శనం తప్పలేదు. కారణమేమిటో ఇంద్రుడే చెబుతాడు. కొడుకు విషయంలో ద్రోణుడిని వ్యాజంతో వంచించావు గనుక, వ్యాజంతోనే నీకు నరకం చూపవలసి వచ్చిందంటాడు. వ్యాజం అంటే మిష, నెపం. మనం చెప్పుకునే సాకే. జీవితమంతా ధర్మానికి అంకితం చేసినవాడు కూడా ఒక్క నెపానికి లెక్క అప్పజెప్పవలసి వచ్చింది. మరి రోజుకు పది నెపాలు చెప్పే మన మాటేమిటి?

దీనికి ఎదురుగా మరో వేటగాడిని చూడండి. ధర్మరాజు వంశంలోనే పుట్టిన పరీక్షిత్తు. వేటకు వెళ్లి, ఆకలిదప్పులతో అలసి శమీక మహర్షి ఆశ్రమానికి వచ్చాడు. ధ్యానంలో ఉన్న మహర్షి పలకలేదు. కోపంతో రాజు చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ఆయన మెడలో వేసి వెళ్లిపోయాడు.

ఈ రాజుకు ఎన్ని సాకులు సిద్ధంగా ఉన్నాయో లెక్కపెట్టండి. దాహం వేసింది. అతిథికి మర్యాద జరగలేదు. కలి ప్రభావం అనవచ్చు. పాము చచ్చినదే కదా, ఎవరికీ హాని జరగలేదు అనవచ్చు. ఏడవ రోజున తక్షకుని కాటుతో మరణించాలన్న శాపం ఈ పాటి తప్పుకు మరీ ఎక్కువని వాదించవచ్చు. శాపమిచ్చిన శృంగి తండ్రి శమీకుడే అలా భావించి కొడుకును మందలించాడు కూడా. అయినా పరీక్షిత్తు నోట ఒక్క సాకు రాలేదు. శాపం సంగతి తెలియక ముందే, ఇల్లు చేరగానే తప్పు చేశానని కుమిలిపోయాడు. తెలిశాక రాజ్యం కొడుకు జనమేజయుడికి అప్పగించి గంగ ఒడ్డున కూర్చున్నాడు. వాదించడానికి ఖర్చు చేయని ఆ ఏడు రోజులూ వినడానికి మిగిలాయి. శుకమహర్షి వచ్చాడు. లోకానికి భాగవతం దక్కింది. ఆనాడు రాజు సాకు వెతుక్కుని ఉంటే, ఈనాడు మన పూజామందిరంలో ఆ గ్రంథం ఉండేదా?

తార చెప్పిన మాట, సుగ్రీవుడు చెప్పిన మాట

సుందరకాండ పారాయణ చేసేవారు దానికి ముందున్న కిష్కింధకాండను కూడా ఒకసారి శ్రద్ధగా చదవాలి. వానాకాలం గడవగానే సీతమ్మను వెతికిస్తానని సుగ్రీవుడు మాట ఇచ్చాడు. వానలు వెలిశాయి, శరత్తు వచ్చింది. హనుమ హెచ్చరిస్తే సేనలను పిలిపించమని ఆజ్ఞ అయితే ఇచ్చాడు గానీ, మళ్లీ భోగాలలో మునిగిపోయాడు. లక్ష్మణుడు మహోగ్రుడై కిష్కింధకు వచ్చాడు.

ముందుగా తార ఎదురువచ్చి నచ్చజెప్పింది. ఎంతోకాలం కష్టాలు పడినవాడు సుఖం దొరకగానే కాలం మరిచాడని, విశ్వామిత్రుడంతటివాడికే ఘృతాచి వలలో పదేళ్లు ఒక్క రోజుగా గడిచాయని చెప్పింది. ఎంత చక్కని సమర్థన! భర్త తరఫున భార్య చెప్పింది కనుక అది ధర్మమే. అయితే సుగ్రీవుడు తన వంతు వచ్చినప్పుడు ఆ ఉదాహరణను అందిపుచ్చుకోలేదు. మెడలోని పూలమాల తెంపి పారేశాడు. పోయిన సిరినీ రాజ్యాన్నీ తనకు తిరిగి ఇచ్చినది రాముడేనని, తన వల్ల అతిక్రమం జరిగి ఉంటే సేవకుడినని క్షమించమని వేడుకున్నాడు.

అప్పుడు ఏం జరిగిందో చూడండి. నిప్పులు చెరుగుతూ వచ్చిన లక్ష్మణుడు శాంతించడమే కాదు, తాను పలికిన పరుషవాక్యాలకు తానే క్షమాపణ అడిగాడు! సాకు చెబితే ఎదుటివాడు న్యాయాధికారి అవుతాడు. తప్పు ఒప్పుకుంటే సోదరుడవుతాడు. ఇంట్లో భార్యాభర్తల మధ్య, అత్తాకోడళ్ల మధ్య, తండ్రీకొడుకుల మధ్య ఇది ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

సంతలో నాకు దొరికిన జవాబు

ఇంత చెప్పినవాడు తన సంగతి దాచుకోవడం న్యాయం కాదు.

మా నాన్నగారు ఉపాధ్యాయులు. ఉద్యోగంలో కొన్నేళ్లు పెదబయలు మండలంలో గడిపారు. విశ్రాంతి తీసుకున్నాక ఆయన కోరింది ఒక్కటే. మహాశివరాత్రికి మత్స్యగుండం వెళ్లి మత్స్యలింగేశ్వరుణ్ణి దర్శించుకోవాలి, అటునుంచి పెదబయలు వెళ్లి పాతవారిని పలకరించాలి. హుకుంపేట మండలంలోని ఆ గుండంలో చేపలను ఎవరూ పట్టరు, దైవంగా భావించి మేత వేస్తారు. ఆ చేపల గురించి ఆయన మాకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉండేవారు.

మొదటి ఏడాది ఆఫీసులో ఆడిట్ అన్నాను. రెండో ఏడాది అబ్బాయి పరీక్షలు. మూడో ఏడాది ఆయన మోకాళ్లకు ఘాట్ రోడ్డు పడదన్నాను. నాలుగో ఏడాది ‘వచ్చే ఏడు తప్పకుండా’ అన్నాను. ప్రతిసారీ ఆయన ఒకటే మాట అనేవారు. ‘సరేలే, నీకూ పనులుంటాయి కదా.’ నేను వెతుక్కునే శ్రమ లేకుండా ఆయనే నాకు సాకు అందించేవారు. నా నాలుగు సాకులూ అబద్ధాలు కావు. ఆడిట్ నిజమే, పరీక్షలు నిజమే. అబద్ధం లేదు కనుకే నేను నన్ను నమ్మాను. ఆ కార్తికంలో ఆయన వెళ్లిపోయారు.

వచ్చిన శివరాత్రికి ఒక్కడినే వెళ్లాను. అప్పుడు మాత్రం ఆఫీసు అడ్డం రాలేదు. గుండంలో చేపలకు మరమరాలు వేసి, పెదబయలు సంతకు వెళ్లాను. పసుపు కొమ్ముల రాశి వెనుక కూర్చున్న ఒక పెద్దాయన, ఎవరి తాలూకు అని అడిగాడు. చెప్పగానే ముఖం వెలిగింది. ‘మాస్టారి అబ్బాయివా! మాస్టారు రాలేదేం బాబూ?’

నా నోటి నుంచి వచ్చిన మాట విని నేనే నిర్ఘాంతపోయాను. ‘మోకాళ్లు నొప్పులండీ, ఘాట్ రోడ్డు పడదు’ అన్నాను.

మనిషి పోయి మూడు నెలలు దాటింది. సాకు మాత్రం ఇంకా బతికే ఉంది!

‘అదేమిటి బాబూ, బస్సు రాని రోజున పాడేరు నుంచి నడిచి వచ్చేసేవారు కదా’ అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు ముందు నిలవలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నాలుగేళ్లూ నేనే తీసుకురాలేదని కూడా చెప్పాను. ఆయన ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. కాసిని పసుపు కొమ్ములు అడ్డాకులో చుట్టి నా చేతికిచ్చాడు. ‘అమ్మగారు ఉన్నారు కదా. ఆవిడనైనా ఒకసారి తీసుకురా’ అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నా నాలుక మీద ఒక సాకు తయారైంది. మింగేశాను.

కారణమా, సాకా?

అయితే అన్ని అడ్డంకులూ సాకులేనా? కాదు. వర్షాకాలంలో ఇదే మన్యంలో వాగు పొంగితే దాటలేకపోవడం సాకు కాదు. రోడ్డు లేని గూడెం నుంచి రోగులను, నిండు చూలాళ్లను డోలీ కట్టి భుజాల మీద మోసుకుంటూ కొండలు దిగే మనుషులున్న నేల అది. నిజమైన కారణాలు గంపెడున్నవారు నడుస్తున్నారు. తారు రోడ్డు మీద ఉన్న మనం ‘దారి బాగాలేదు’ అంటున్నాం. ఎదుటివారి కష్టాన్ని సాకుగా కొట్టిపారేయడం, మన సాకును కష్టంగా చెప్పుకోవడం, రెండూ దోషాలే.

రెండింటినీ వేరు చేయడానికి మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, ఇది నిర్ణయానికి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా? కారణం ముందు వస్తుంది. సాకు, మానేయాలని నిశ్చయించుకున్నాక వెతికితే వస్తుంది. రెండవది, ఈ అడ్డు తొలగితే వెంటనే వెళతానా? కారణం తొలగితే పని జరుగుతుంది. సాకు తొలగితే మరో సాకు వచ్చి కూర్చుంటుంది. మూడవది, పదేళ్ల తర్వాత ఈ మాట నాకు నేను చెప్పుకోగలనా? ఈ మూడో ప్రశ్న ముందు నా ఆడిట్ నిలవలేదు.

ఇప్పటికే ఆలస్యమైపోయిందని బాధపడేవారికి ఒక మాట. పశ్చాత్తాపం కూడా ముదిరితే మరో సాకు అవుతుంది. ‘ఇంక ఏం చేసి ఏం లాభం’ అన్నది అన్ని సాకులలోకీ పెద్దది. పోయినవారికి చేయలేనిది, ఉన్నవారికి చేయడం మొదలుపెట్టండి. అదే ప్రాయశ్చిత్తం.

పూజ ముగిశాక మనం చెప్పే క్షమాప్రార్థనను ఈసారి అర్థం తెలుసుకుంటూ చదవండి. మంత్రంలో లోపం, క్రియలో లోపం, భక్తిలో లోపం అని మన లోపాలన్నీ మనమే వరుసగా ఒప్పుకుంటాం. వెంటనే క్షమించమంటాం. మధ్యలో ‘ఎందుకంటే’ అన్న మాట ఎక్కడా లేదు. మన పెద్దలు కావాలనే దానికి చోటివ్వలేదేమో! అమ్మవారిని లలితా సహస్రనామం ‘అవ్యాజ కరుణామూర్తి’ అని కీర్తిస్తుంది. వ్యాజం లేని కరుణ, అంటే ఏ నెపమూ వెతకని దయ ఆమెది. మన మీద దయ చూపడానికి ఆ తల్లికి కారణమే అక్కర్లేనప్పుడు, ఆమె ముందు మనకు సాకు దేనికి?

ఆ చైత్రంలోనే అమ్మను పెదబయలు తీసుకువెళ్లాను. ఇటుకల పండుగ రోజులు. దారికి అడ్డంగా తాడు పట్టుకుని ఆడవారు పాటలు పాడుతూ మా వాహనం ఆపారు. పండుగకు నాలుగు డబ్బులిస్తేనే దారి ఇస్తారు, అది అక్కడి వేడుక. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి ‘చిల్లర లేదమ్మా’ అన్నాడు. వారు పకపకా నవ్వారు. ఇలాంటివి చాలా విన్నామన్నట్టు తాడు మరింత బిగించారు.

వెనుక సీటులో కూర్చున్న అమ్మ ఏమీ అనలేదు. కొంగుముడి విప్పి డబ్బులు తీసి వారి చేతిలో పెట్టింది. తాడు దిగింది. చివరి మలుపు తిరిగాక, ఎదురుగా బయలు.